ఆర్‌డీ 350 రేసు బండి డైరీ: ఆటోనగర్ నుంచి ఇరుంగాట్టుకోట్టై దాకా

జూన్ 8

బండి ఇంటికొచ్చింది. బండి అనడం కంటే చక్రాలున్న ఒక ఫ్రేము, రెండు గోనె సంచులు, ఒక అట్టపెట్టె అంటే సరిగ్గా ఉంటుంది. తెనాలి దగ్గర ఒక రైస్ మిల్లు వెనక రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న రాజ్‌దూత్ 350. నేనూ మా తమ్ముడూ ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాం. ఇంజను పట్టేసి ఉంది, కిక్కు అంగుళం కూడా దిగదు. ట్యాంకు లోపల ఎర్రటి తుప్పు, సీటు ఎలుకల పాలు. అయితే ఇంజను కేసుకు పగుళ్ళు లేవు, బ్లాకుల (సిలిండర్ల) ఫిన్నులు ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి, ఆ బ్లాకులు హై టార్క్ బండివి, అంటే మొదట వచ్చిన బలమైన రకంవి. నాకు కావలసింది అదే.

కొత్తవాళ్ళ కోసం కాస్త చెప్తాను. 1970ల నాటి యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో మన దేశంలో రాజ్‌దూత్ 350గా తెచ్చారు. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, గాలితో చల్లబడే ఇంజను, ఆరు గేర్లు. యమహా తన బండికి 39 హార్స్ పవర్ చెప్పుకునేది, మన హై టార్క్‌కి 30.5 వచ్చింది, తర్వాత వచ్చిన లో టార్క్‌కి 27. మన దగ్గర పెట్రోలు ఎక్కువ తాగకూడదని పీక నొక్కి పంపారన్నమాట. అక్కడి బండికి ముందు డిస్కు బ్రేకు, మనదానికి డ్రమ్ము. అయినా ఆ రోజుల్లో రోడ్డు మీద దీన్ని అందుకునేది లేదు. యమదూత అనేవాళ్ళు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా వీధి చివరింటి అన్నయ్యకు ఒకటి ఉండేది, ఆయన ప్రకాశం బ్యారేజీ దిగి వస్తుంటే శబ్దం మాకు రెండు నిమిషాల ముందే వినిపించేది. అప్పటినుంచీ ఆ శబ్దం నాలో ఉండిపోయింది.

పాత బండి అంటే చాలామంది రంగులేసి, క్రోమ్ చేయించి, ఆదివారం పూట బయటికి తీస్తారు. నాకు దీన్ని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద చూడాలని ఉంది. 64 మి.మీ. బోరు (సిలిండరు వెడల్పు), 54 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం), ఇవే కొలతలున్న యమహా రేసు ఇంజనుతో డాన్ ఎమ్డే అనే రేసర్ 1972లో అమెరికాలో డేటోనా 200 రేసు గెలిచాడు. చుట్టూ 750 సీసీ బండ్లు ఉండగా 350తో గెలిచాడు. అంటే ఈ ఇంజనులో రేసు రక్తం ఉంది, మనం చేయాల్సింది దాన్ని బయటికి తీయడమే.

ఇతర దేశాల్లో క్లాసిక్ రేసింగ్ అంటే కాలం ప్రకారం క్లాసులు, ఆ కాలంలో ఉన్న వస్తువులే వాడాలి. మన దగ్గర అంత పద్ధతిగా లేదు కాబట్టి నియమాలు నేనే పెట్టుకున్నాను: స్పోకుల చక్రాలు, డ్రమ్ము బ్రేకులు, రెండు షాకులు, ప్లాటినం పాయింట్ల ఇగ్నిషన్, స్లైడు కార్బురేటర్లు. 1975లో ఒక మనిషి తన షెడ్డులో చేయగలిగినదే నేనూ చేస్తాను. టైర్లు మాత్రం ఇప్పటివి, అక్కడ రాజీ పడను.

జూన్ 21

ఇంజను విప్పాను. హెడ్డు తీసి వారం పాటు డీజిలు పోసి ఉంచితే కుడి పిస్టన్ వదిలింది, ఎడమదాన్ని చెక్క ముక్క పెట్టి కొట్టి దించాల్సి వచ్చింది. క్రాంకు బయటికి తీసి చేత్తో తిప్పితే బేరింగుల్లో ఇసుక ఉన్నట్టు గరగర.

పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు ఈ క్రాంకు. దీని గురించి చెప్పాలి, ఎందుకంటే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్‌కి ప్రాణం ఇక్కడే. ఇది ఒకే ముక్క కాదు. నాలుగు ఫ్లైవీలు బిళ్ళలు, మధ్యలో పిన్నులు, అన్నీ ప్రెస్సు మీద నొక్కి కూర్చిన వస్తువు. నాలుగు బేరింగుల మీద తిరుగుతుంది. రెండు సిలిండర్ల క్రాంకు గదులు వేరు వేరు, ఒకదాని గాలి ఇంకోదాంట్లోకి పోకుండా మధ్యలో ఒక సీలు, రెండు చివర్లా రెండు ఆయిల్ సీళ్ళు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

జూన్ 28

క్రాంకును విజయవాడ ఆటోనగర్‌లో లేత్ బాబాయి దగ్గరికి తీసుకెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి, లారీ క్రాంకులు గ్రైండింగ్ చేసే షాపు, చిన్నవాటిని చేతిలోకి తీసుకోడు. దీన్ని చూడగానే మాత్రం కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"ఏరా అబ్బాయ్, రోడ్డుకా, పరుగుకా?"

"పరుగుకే బాబాయ్."

"అయితే తొందర పెట్టమాక."

కొత్త కనెక్టింగ్ రాడ్లు, పిన్నులు, బేరింగులు వేసి ప్రెస్సు మీద కూర్చాక వీ ఆకారపు దిమ్మల (వీ బ్లాకుల) మీద పెట్టి, వంకర కొలిచే డయల్ గేజ్ ఆనించాడు. ముల్లు పదకొండు గీతలు ఊగింది, అంటే 0.11 మి.మీ. పుస్తకం ప్రకారం 0.03 దాటకూడదు. అప్పుడు మొదలైంది అసలు పని. క్రాంకును ఎడమ చేత్తో గాల్లో పట్టుకుని, ఎక్కడ ఎత్తు ఉందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, రాగి సుత్తితో ఒక్క దెబ్బ. మళ్ళీ బ్లాకుల మీద, మళ్ళీ గేజ్. ఎనిమిది గీతలు. మళ్ళీ దెబ్బ. ఒకసారి ఎక్కువ పడి వెనక్కి పోయింది, ఏమీ అనకుండా రెండో వైపు నుంచి కొట్టాడు. రెండున్నర గంటలు పట్టింది. చివరికి ముల్లు ఊపు రెండు గీతలకు తగ్గింది, 0.02. ఆయన ఒక్కసారి కూడా సుత్తి గట్టిగా ఎత్తలేదు, ఎక్కడ కొట్టాలన్నదే ఆయన విద్య. పిన్నులు జారకుండా వెల్డింగ్ టాకాలు వేయించమని నేను ఎక్కడో చదివి అడిగితే, "నువ్వు నిమిషానికి ఎనిమిది వేల తిప్పులు దాటిస్తావు కదా, వేద్దాంలే" అని నాలుగు చోట్ల చిన్న చుక్కలు పెట్టాడు. టాకా వేడికి వంకర పోతుందేమో అని మళ్ళీ గేజ్ పెట్టి చూశాడు.

డబ్బులు నేను అనుకున్నదాంట్లో సగం తీసుకున్నాడు. బండి స్టార్టు చేసిన రోజు ఫోన్ చేసి శబ్దం వినిపించమన్నాడు.

జులై 19

బ్లాకులు. ఇంతకుముందు రెండుసార్లు బోరు చేసి ఉంది, ఇప్పుడు మూడో సైజుకు వెళ్ళాం, 64.75 మి.మీ. అలా మొత్తం 355 సీసీ అవుతుంది. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఖాళీ రోడ్డు బండికైతే ఇంకా తక్కువ ఉంచుతారు, రేసులో గాలితో చల్లబడే ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) దాటించాను, 0.055 మి.మీ. హోనింగ్ (గోడను సన్నగా రుద్దడం) అయ్యాక పోర్టుల, అంటే మిశ్రమం వచ్చే, పొగ పోయే కిటికీల అంచులన్నీ చిన్న నూనె రాయితో మొద్దు చేశాను. బోరు చేయగానే అంచులు బ్లేడులా ఉంటాయి, రింగు అక్కడ తగులుకుంటే నిమిషానికి పదివేల తిప్పుల (ఆర్‌పీఎం) దగ్గర ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చాలా షాపుల్లో ఈ పని చేయరు. మీరు చేయించుకుంటే ఇంటికొచ్చాక వేలితో తడిమి చూసుకోండి.

ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు, పిస్టన్ పూర్తిగా పైన ఉన్నప్పటి నుంచి కొలిస్తే 30 మి.మీ. కింద ఉంది. క్రాంకు ఎంత తిరిగిందో చూపే డిగ్రీ బిళ్ళ పెట్టి చూస్తే పోర్టు మొత్తం 182 డిగ్రీలు తెరిచి ఉంటోంది. దాన్ని 28 మి.మీ.కి లేపాను, అంటే సుమారు 190 డిగ్రీలు. రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే ఎనిమిది డిగ్రీలు. నాలుగు సాయంత్రాలు పట్టింది, ఎందుకంటే తీసేసిన లోహాన్ని మళ్ళీ పెట్టలేం. రెండు బ్లాకులూ ఒకేలా ఉండాలని సిగరెట్ పెట్టె అట్టతో అచ్చు కత్తిరించి, దాన్ని లోపల చుట్టి గీత గీసుకుని పని చేశాను.

హెడ్లు లేత్ మీద కొంచెం దించి, స్క్విష్ ఖాళీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్డుకీ మధ్య మిగిలేది) 1.05 మి.మీ.కి తెచ్చాను. ఇది కొలవడం సులువే: ప్లగ్ రంధ్రంలోంచి టంకం తీగ గోడ దాకా దూర్చి, క్రాంకు ఒకసారి తిప్పి, నలిగిన తీగను కొలవాలి. పిస్టన్ పిన్ను బారుగా రెండు వైపులా కొలవాలి, లేకపోతే పిస్టన్ ఊగి తప్పు లెక్క వస్తుంది.

ఆగస్టు 10

ఛాంబర్ పైపులు, అంటే రేసు బండి పొగ గొట్టాలు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

టూ స్ట్రోక్‌కి ఎగ్జాస్ట్ వాల్వ్ లేదు. కొత్త మిశ్రమం లోపలికి వస్తున్నప్పుడు ఎగ్జాస్ట్ పోర్టు కూడా తెరిచే ఉంటుంది, కాబట్టి కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. ఛాంబర్ పైపు చేసే పని, అలా పోయినదాన్ని పోర్టు మూసుకునే ముందు వెనక్కి తోయడం. పేలుడు ఒత్తిడి అల పైపులో ప్రయాణించి, విచ్చుకుంటున్న కోను దగ్గర ఒక పీల్చే అలగా, చివరి మూసుకునే కోను దగ్గర ఒక తోసే అలగా వెనక్కి వస్తుంది. ఆ తోసే అల సరిగ్గా పోర్టు మూసుకునే క్షణంలో రావాలి. ముందు వచ్చినా, ఆలస్యమైనా దండగే.

లెక్క ఇలా వేశాను. నాకు బలం 8,500 ఆర్‌పీఎం దగ్గర కావాలి. ఆ వేగంలో 190 డిగ్రీలు తిరగడానికి 3.7 మిల్లీ సెకన్లు పడుతుంది. వేడి పొగలో అల వేగం సెకనుకు సుమారు 518 మీటర్లు అనుకుంటే ఆ సమయంలో 1.93 మీటర్లు పోతుంది, వెళ్ళి రావాలి కాబట్టి సగం, అంటే పిస్టన్ ముఖం నుంచి చివరి కోను మధ్య దాకా 965 మి.మీ. ఇంకా ఎక్కువ ఆర్‌పీఎంకి కట్టాలనుకుంటే పైపు పొట్టిది చేయాలి, కానీ అప్పుడు కింద ఏమీ ఉండదు. మలుపు నుంచి బయటికి రావాలంటే కింద కూడా కొంచెం ఉండాలి కదా.

కోనులన్నీ ముందు పెళ్ళి శుభలేఖల అట్టలతో చేసి ఫ్రేముకు కట్టి చూశాను. చైను తగులుతుందా, కాలు పట్టే చోటు ఉందా, మలుపులో నేలకు గీసుకుంటుందా అన్నీ చూసుకున్నాక 20 గేజ్ సీఆర్ ఉక్కు రేకు మీద గీసి కత్తిరించాను. గ్యాస్ వెల్డింగ్ భాయ్ వాటిని పైపు మీద చుట్టి చుట్టి గుండ్రం చేశాడు. ఒక్కో పైపుకు పదకొండు ముక్కలు. "సాబ్, ఇంత పని పెట్టుకున్నారు, దీన్ని పెయింట్ వేయొద్దు, ఈ వెల్డింగ్ కనపడాలి" అన్నాడు. నిజమే, చేప పొలుసుల్లా ఉంది. నూనె రాసి వదిలేశాను.

ఆగస్టు 30

ముందు బ్రేకు. 180 మి.మీ. డ్రమ్ము, రెండు షూలూ ముందుకు లాగే రకం. సరిగ్గా పెడితే బాగానే ఆపుతుంది. అసలు గొడవ ఏమిటంటే, రెండు షూలనీ కలిపే చిన్న రాడ్డు ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు, అందుకని చాలా బండ్లలో ఒక షూ మాత్రమే పని చేస్తూ ఉంటుంది. రాడ్డు విప్పి, ఒక్కో షూ విడిగా డ్రమ్మును తాకే చోటు చూసుకుని, రెండూ ఒకేసారి తాకేలా రాడ్డు పొడవు పెట్టాలి. మెత్తటి లైనర్లు అంటించి, ఇరుసుతో సహా లేత్ మీద పెట్టి డ్రమ్ము గుండ్రంగా చెక్కించాను. ప్లేటుకు గాలి రంధ్రాలు చేసి జాలీ పెట్టాను. చక్రాలకు కొత్త స్పోకులు, 18 అంగుళాల అల్యూమినియం రిమ్ములు.

సెప్టెంబరు 14

స్టార్టయింది!

ఆయిల్ పంపు తీసేశాను. రేసులో పంపు ఎప్పుడు ఆగిందో తెలిసే లోపల పిస్టన్ పోతుంది. అయిదు లీటర్ల పెట్రోలుకు 200 మి.లీ. ఆయిల్, 25కి 1. ఇగ్నిషన్ డయల్ గేజ్‌తో పెట్టాను, పిస్టన్ పూర్తిగా పైకి రావడానికి 1.8 మి.మీ. ముందు, అంటే దాదాపు 19 డిగ్రీలు. కంపెనీ లెక్క 2.0 మి.మీ., కంప్రెషన్ పెంచాను కాబట్టి కొంచెం వెనక్కి తగ్గాను. ఛార్జింగ్ లేదు, చిన్న బ్యాటరీ మీదే పాయింట్లు నడుస్తాయి. కార్బురేటర్లు 28 మి.మీ. మికునీలే, లోపల పెట్రోలు వదిలే మెయిన్ జెట్లు 240 నంబరువి, నంబరు పెరిగితే పెట్రోలు ఎక్కువ.

ఎనిమిదో కిక్కుకు పట్టుకుంది. షెడ్డంతా పొగ. పక్కింటి పిన్నిగారు కంగారుగా వచ్చి చూసి, విషయం తెలిసి, పిల్లల్ని కూడా తీసుకొచ్చి చూపించారు. నేను ఫోన్‌లో బాబాయికి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "పక్క నుంచి గాలి మోత ఏదో వస్తోందిరా" అన్నాడు. ఫోన్‌లో అలాగే వినపడుతుందిలే అనుకున్నాను.

అక్టోబరు 5

పరీక్షకు ఊరి బయట ఒక వెంచర్ దొరికింది. ప్లాట్లు వేశారు, సిమెంటు రోడ్లు పోశారు, ఇళ్ళు ఒక్కటీ లేవు. తిన్నగా తొమ్మిది వందల మీటర్లు. యజమానిని అడిగి, రెండు చివర్లా గేట్లు మూసి, తమ్ముణ్ణి మంచినీళ్ళతో, మంటలార్పే సిలిండర్‌తో నిలబెట్టి మొదలుపెట్టాను.

మొదటి పది పరుగులు సగం థ్రాటిల్. పదకొండోసారి నాలుగో గేరులో పూర్తిగా తిప్పాను. ఆరు వేల ఆర్‌పీఎం దాకా మామూలు బండి, ఆ తర్వాత ముందు చక్రం తేలికైపోయింది, గొంతు మారిపోయింది, మీటరు ముల్లు ఒక్క ఉదుటున ఎనిమిది వేలు దాటింది. నా జన్మలో అలాంటి లాగుడు చూడలేదు. అయిదో గేరు వేశానో లేదో వెనక చక్రం కీచుమంది. క్లచ్చు మీద వేలు పెట్టుకునే నడపమని పాత రైడర్లు ఎందుకు చెప్తారో ఆ అర సెకనులో అర్థమైంది. క్లచ్చు నొక్కాను కాబట్టి నిలబడి ఉన్నాను.

ఎడమ పిస్టన్ పట్టేసింది.

అక్టోబరు 12

విప్పితే ఎడమ పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు నాలుగు గాట్లు. బ్లాకు గోడకు అంటుకున్న అల్యూమినియం తీసి హోనింగ్ చేస్తే బతికింది, పిస్టన్ కొత్తది వేయాలి. చూసిన వాళ్ళందరిదీ ఒకే మాట: లీన్ అయింది (గాలికి పెట్రోలు చాలలేదు), జెట్టు పెంచు. నాకూ అదే అనిపించింది, పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ పెట్రోలు కావాలి. పాత పుస్తకాల్లో జెట్టు నంబర్లు చూసి పెట్టుకునేవాళ్ళు ఈ సంగతి మరవకండి, పాత రబ్బరు పైపులు కూడా మార్చేయండి.

రెండు వైపులా 260 వేశాను.

అక్టోబరు 26

మళ్ళీ వెంచర్. ఈసారి జాగ్రత్తగా, మూడో గేరులో పూర్తి థ్రాటిల్ కాసేపు ఉంచి, ఇంజను కట్ చేసి, క్లచ్చు నొక్కి ఆపి ప్లగ్గులు చూశాను. నలుపు అయితే పెట్రోలు ఎక్కువ, తెలుపు అయితే తక్కువ. కుడిది నల్లగా, తడిగా ఉంది. ఎడమది తెల్లగా, సున్నం రాసినట్టు ఉంది.

అక్కడే సిమెంటు రోడ్డు మీద కూర్చుని చాలాసేపు రెండు ప్లగ్గులూ అరచేతిలో పెట్టుకుని చూశాను. రెండు కార్బురేటర్లూ ఒకటే, జెట్లు ఒకటే, పెట్రోలు ఒకటే, పైపులు ఒకటే. జెట్టు తప్పయితే రెండూ తెల్లగా ఉండాలి. ఒక వైపు మాత్రమే లీన్ అవుతోందంటే పెట్రోలు తక్కువై కాదు, ఎక్కడినుంచో దొంగగాలి వస్తోంది. పొరపాటు నాది. కారణం వెతకకుండా జెట్టు పెంచి, బాగున్న కుడి సిలిండర్‌ని కూడా పాడు చేయబోయాను.

బాబాయి ఫోన్‌లో విన్న గాలి మోత అప్పుడు గుర్తొచ్చింది. ఇంకో పరుగు తీయకుండా బండి ఎక్కించుకుని వచ్చేశాం.

అక్టోబరు 27

ప్రెషర్ టెస్టు. ఇంజను మొదట కూర్చినప్పుడే చేయాల్సింది ఇది, తొందరలో వదిలేశాను. మీరు వదలొద్దు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఎగ్జాస్ట్ పోర్టుకు పావు అంగుళం అల్యూమినియం ప్లేటు, కింద లారీ ట్యూబు ముక్క, బిగించేశాను. ఇన్‌టేక్ వైపు రబ్బరు బూటులోకి ఒక బిరడా, దానికి సన్నని ట్యూబు. ఆ ట్యూబుకు అమ్మ పాత బీపీ మిషన్ బుడ్డి, మీటరు తగిలించాను. బీపీ మీటరు 300 మి.మీ. పాదరసం దాకా ఉంటుంది, అది దాదాపు 6 పీఎస్ఐ ఒత్తిడి, మనకు కావలసింది సరిగ్గా అంతే. అంతకంటే ఎక్కువ కొట్టకూడదు, సీళ్ళు బయటికి వచ్చేస్తాయి. 300 దాకా కొట్టి ఆరు నిమిషాలు చూడాలి.

కుడి వైపు: ఆరు నిమిషాల తర్వాత 285. బ్రహ్మాండం.

ఎడమ వైపు: నిమిషం తిరక్కుండానే 110.

సబ్బు నీళ్ళు బ్రష్‌తో అన్ని చోట్లా రాశాను. బేస్ గ్యాస్కెట్ దగ్గర ఏమీ లేదు, రీడ్ వాల్వ్ దగ్గర ఏమీ లేదు, ప్లగ్ దగ్గర లేదు. ఆల్టర్నేటర్ కవరు విప్పి క్రాంకు చివర రాయగానే బుడగలు ముత్యాల్లా వచ్చాయి. ఎడమ ఆయిల్ సీలు. కొత్తదే వేశాను, పెట్టెలోంచి తీసి వేశాను, కాకపోతే ఆ పెట్టె ఏ కాలందో. పాత స్టాక్ అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది. బయటికి లాగి గోరుతో నొక్కితే పెదవి రబ్బరు ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంది. దశాబ్దాలు అల్మారాలో కూర్చున్న రబ్బరు, వాడకపోయినా ముసలిదవుతుంది.

ఎడమ సీలు పోవడం ఎందుకు ప్రమాదం అంటే, ఆ వైపు పొడిగా ఉంటుంది, పీల్చేది గాలినే, ఏ గుర్తూ కనపడదు. కుడి వైపు సీలు పోతే క్లచ్చు వైపు గేరు ఆయిల్ పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది, ఎవరైనా పట్టుకుంటారు. ఎడమది మాట్లాడకుండా పిస్టన్ తినేస్తుంది.

నవంబరు 23

ఇప్పుడు తయారయ్యే వైటన్ అనే ప్రత్యేక రబ్బరు సీళ్ళు రెండు వైపులా. ఇథనాల్‌కి, వేడికి మామూలు రబ్బరు కంటే ఇవి బాగా ఆగుతాయి. వాటి కోసమే మూడు వారాలు ఆగాను. ఎడమకు కొత్త పిస్టన్. ప్రెషర్ టెస్టు: ఎడమ 280, కుడి 285, ఆరు నిమిషాలకు. 240 జెట్లు తిరిగి వేశాను.

వెంచర్‌లో ముప్పై పరుగులు. ఒక్కసారికి ఒక్కటే మార్చాను: జెట్టు మారిస్తే కార్బురేటర్ సూది ముట్టుకోను, సూది మారిస్తే టైమింగ్ ముట్టుకోను. సాయంత్రానికి 230 దగ్గర రెండు ప్లగ్గులూ లేత గోధుమ రంగుకు వచ్చాయి. ప్లగ్గులు ఎన్‌జీకే బీ9హెచ్ఎస్, రోడ్డు బండికి వేసే బీ8 కంటే ఒక మెట్టు చల్లనివి, అంటే వేడిని త్వరగా బయటికి పంపేవి. వెనక స్ప్రాకెట్ రెండు పళ్ళు తగ్గించాను.

డిసెంబరు 21

ట్రాక్ కోసం చిల్లర పనులు. డ్రెయిన్ బోల్టు, ఆయిల్ మూత, బ్రేకు యాంకర్ బోల్టు, అన్నిటి తలల్లో 1.5 మి.మీ. రంధ్రాలు చేసి తీగ చుట్టాను. పదకొండు డ్రిల్లు బిట్లు విరిగాయి. కార్బురేటర్ల పొంగు పట్టే డబ్బా, హ్యాండిల్ మీద కిల్ స్విచ్, చైను గార్డు. అమ్మ వచ్చి కూర్చుని చూసింది. "ఆ తీగలు ఎందుకురా?" అంటే బోల్టు ఊడినా కింద పడకుండా, ఆయిల్ కారి వెనక వచ్చేవాళ్ళు జారకుండా అని చెప్పాను. "అయితే అన్నిటికీ చుట్టు" అంది.

జనవరి 24

సంక్రాంతి అయ్యాక బయల్దేరాం. వ్యానులో బండి, సామాను, నేను, తమ్ముడు, బాబాయి. ఆయన్ని రమ్మంటే వస్తాడనుకోలేదు. విజయవాడ నుంచి సుమారు 450 కిలోమీటర్లు, ఒంగోలు, నెల్లూరు, తడ దాటాక చెన్నై ఇంకా ముందుండగానే రోడ్డు పక్కన షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ 1990లో వచ్చేదాకా దక్షిణాదిలో రేసులంటే షోలవరమే, 80ల్లో ఈ రాజ్‌దూత్‌లు అక్కడ పరుగెత్తాయి. బాబాయి వ్యాను ఆపమన్నాడు. కుర్రతనంలో విజయవాడ నుంచి లారీలో వచ్చి రెండు రోజులు ఎండలో నిలబడి చూశాడట. ఆ సంగతి ఏడు నెలల్లో ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. క్రాంకు చూడగానే కళ్ళద్దాలు ఎందుకు పెట్టుకున్నాడో అప్పుడు తెలిసింది.

జనవరి 25

ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. పొద్దున ఏడింటికి మంచు, చల్లగా ఉంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, వెంచర్‌లో పెట్టిన జెట్టు ఇక్కడ లీన్ అవుతుంది, కాబట్టి మొదటి సెషన్‌కి 240 వేసి వెళ్ళాను. ఎండెక్కాక 230.

మొదటి సెషన్: ఆరు ల్యాపులు, 2 నిమిషాల 31 సెకన్లు. ట్రాక్ నేర్చుకోవడమే. ఆరు వేల కింద ఏమీ లేదు, గేరు తప్పు వేస్తే బండి నిద్రపోతుంది.

రెండో సెషన్: 2:24. నాలుగో ల్యాపులో మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వచ్చేసింది. డ్రమ్ము వేడికి వ్యాకోచిస్తుంది, షూలు దూరమవుతాయి, కేబుల్ చాలదు. ముందే అనుకున్నదే, కానీ అక్కడ, ఆ వేగంలో అనుభవించడం వేరు. ముందు గేర్లు దించి, వెనక బ్రేకుతో సర్దుకుని వెడల్పుగా వెళ్ళి బయటపడ్డాను. పిట్‌లో ముట్టుకుంటే హబ్బు మీద నీటి చుక్క చిటపటలాడింది. కేబుల్ బిగించి, గాలి రంధ్రాల జాలీలు ఊడదీశాం. అవే గాలిని అడ్డుకుంటున్నాయి. దుమ్ము వస్తే వచ్చింది. ఇంటికెళ్ళాక గాలిని లోపలికి పట్టే బూర ఒకటి చేయాలి.

మూడో సెషన్: బ్రేకులు ఇరవై మీటర్లు ముందే వేయడం మొదలుపెట్టాను, లోపలికి నెమ్మదిగా వెళ్ళి బయటికి త్వరగా వచ్చాను. 2:19. ఇంతకు ముందు కంటే ముందుగా బ్రేకు వేసి, అయిదు సెకన్లు తగ్గాను. మలుపు దాటే లోపల ఇంజను ఏడు వేల మీదే ఉంటోంది, తేడా అంతా అదే. వెనక షాకులు మాత్రం పనికిరావు, గతుకు మీద థ్రాటిల్ తిప్పితే గుర్రంలా ఎగురుతోంది.

నాలుగోది: 2:17.4. ఆఖరి ల్యాపులో స్ట్రెయిట్ మొత్తం తిప్పి ఉంచి, చివర కిల్ స్విచ్ నొక్కి, క్లచ్చు పట్టుకుని పిట్ దాకా ఊరికే దొర్లుకుంటూ వచ్చాను. బాబాయి అప్పటికే ప్లగ్ స్పానర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తనే విప్పాడు, ఎడమది ముందు. వెలుతురుకు పట్టుకుని చూసి, నా చేతిలో పెట్టి, కుడిది విప్పాడు.

ఫిబ్రవరి 1

హెడ్లు తీసి చూశాను. రెండు పిస్టన్ల తలల మీదా, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టుల దగ్గర చిన్న శుభ్రమైన మరకలు, మధ్యలో కాఫీ రంగు. స్కర్టుల మీద గీతలు లేవు. స్క్విష్ 1.05 అలాగే ఉంది. క్రాంకు చివర గేజ్ పెడితే 0.025. షాకుల కోసం కొలతలు తీసుకుని పంపాను, బ్రేకు బూరకి అట్టతో అచ్చు కత్తిరించాను, వచ్చే శనివారం భాయ్ దగ్గరికి వెళ్ళాలి.